గౌరవ పరిశీలకుడి పదోన్నతి

కారు పొగగొట్టంలో చిన్న పరికరం ఒకటి ఉంటుంది. ఇంజను వదిలే గాలిలో ప్రాణవాయువు ఎంత మిగిలిందో అది చూసి చెబుతుంది. దాన్ని ఆక్సిజన్ సెన్సర్ అంటారు. రాష్ట్రంలోని అలాంటి పరికరాలన్నిటినీ ప్రభుత్వం తన గౌరవ పరిశీలకులుగా నియమించుకున్నదన్న సంగతి, మా కారు సెన్సర్‌ను మార్చేనాటికి నాకు తెలియదు. తెలియకపోవడం సంజాయిషీ కాదని తరువాత నాకు ఎంతో మర్యాదగా చెప్పారు.

ఆ ఉత్తర్వు వెనుక ఉన్న ఆలోచనను తప్పుపట్టడం కష్టం. గాలిని కాపాడాలంటే ప్రతి బండికీ ఒక తనిఖీదారు ఉండాలి. అంతమందికి జీతాలివ్వడం ఎవరి వల్లా కాదు. బండిలో ఇప్పటికే ఒకడు కూర్చుని ఉన్నాడు. జీతం అడగడు, సెలవు పెట్టడు. అతనికి హోదా ఇస్తే చాలు. ఇచ్చారు. హోదా ఇచ్చాక ఉద్యోగ రక్షణ కూడా ఇవ్వాలి. అదీ ఇచ్చారు. నేను కాలేజీలో తర్కశాస్త్రం చెబుతాను. ఒక్కొక్క మెట్టునూ విడిగా చూస్తే ఇందులో ఎక్కడా దోషం లేదు. చివరి మెట్టు దిగాక తలెత్తి చూసుకుంటే మాత్రం మనం బావిలో ఉంటాం.

మా పరిశీలకుడికి వచ్చిన జబ్బు ఒక్కటే. ఎప్పుడు అడిగినా ప్రాణవాయువు పుష్కలంగా ఉందనేవాడు. ఆ మాట నమ్మి, పెట్రోలు చాలడం లేదనుకుని, ఇంజను మరింత పెట్రోలు తాగేది. తాగినది పూర్తిగా కాలక నల్లటి పొగై వచ్చేది. అపార్ట్‌మెంటులో మా కారుకు కేటాయించిన చోటు సరిగ్గా మా పడకగది కిటికీ కింద. నా భార్య ఇందుమతికి ఉబ్బసం.

"ఏవండీ, ఆ కారు నా మీద పగబట్టిందేమో చూడండి," అంది ఒక ఉదయం, దగ్గు ఆగాక. "మీరు కాలేజీకి వెళ్లిపోతారు. పొగ మాత్రం నాతో ఇంట్లోనే ఉంటుంది."

ఆదివారం నాడు నేనే పనిలోకి దిగాను. ఇంజనును కాస్త వేడెక్కనిచ్చి, మర మీద తుప్పు వదిలించే నూనె పోసి, వైరు తప్పించి, పక్కన చీలిక ఉన్న ప్రత్యేకమైన స్పానరు వేసి తిప్పాను. పైఫ్లోరులో ఉండే పేర్రాజు గారు తన స్కూటరు మీద కూర్చుని పర్యవేక్షించారు. ఆయన ట్రెజరీలో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు.

"మెకానిక్కుకి ఇచ్చేయచ్చు కదండీ, సోమసుందరం గారూ. మీకు పుస్తకం తిప్పడం అలవాటు గానీ స్పానరు తిప్పడం ఎక్కడుందండీ?"

"వాడు వచ్చేవారం రమ్మన్నాడండి. ఇందుమతి ఆయాసం వచ్చేవారం దాకా ఆగేట్టు లేదు."

"ఆయ్, అదీ నిజవేలెండి. ఎడమకి తిప్పండి, ఎడమకి."

సెన్సర్ బయటకు వచ్చింది. మసి పట్టి, నల్లగా, ఏ పశ్చాత్తాపమూ లేకుండా ఉంది. కొత్తదాన్ని కొన తాకకుండా పట్టుకుని, ముందు చేత్తోనూ ఆ తరువాత స్పానరుతోనూ బిగించాను. ఇంజను వేశాను. డాష్‌బోర్డు మీద నారింజరంగు దీపం ఆరిపోయింది. పొగ లేదు. ఇందుమతి కిటికీలోంచి తల బయటకు పెట్టి గాలి పీల్చి చూసింది.

"పెళ్లయ్యాక మీరు చేసిన మొదటి పనికొచ్చే పని ఇది," అంది.

నేను సంతోషించాను. చదివిన చదువులో ఏదీ నాకు అంతటి రుజువు ఇవ్వలేదు.

ఆ వారంలోనే పెట్రోలు బంకు దగ్గర ఆగి ఉన్న పొగ తనిఖీ వ్యానుకు వెళ్లాను. లోపలి అమ్మాయి పొగగొట్టంలో గొట్టం పెట్టి, తెర వైపు చూసి, ముఖం ముడుచుకుంది.

"పొగ ఎక్కువుందామ్మా?" అన్నాను.

"పొగ అస్సలు లేదండి. పొగ గురించి కాదు. మీ పరిశీలకుడు గారు మారిపోయారండి. ఈ కొత్తాయన్ని ఎవరు అపాయింట్ చేశారు?"

"నేనే."

"అయ్ బాబోయ్! మీరు చెయ్యకూడదండి. మా పెద్దాఫీసుకి వెళ్లండి. పాతాయన ఉన్నారా, చెత్తలో పడేశారా?"

"ఇంట్లో ఉన్నారు. అట్టపెట్టెలో."

"బతికించారు," అంది ఆ అమ్మాయి.

పెద్దాఫీసు పేరు ప్రాంతీయ వాయు పరిశుభ్రతా కార్యాలయం. ఉపసంచాలకులు త్రివిక్రమరావు గారు నన్ను కూర్చోబెట్టి, ఫ్యాను వేగం పెంచి మరీ మాట్లాడారు. కఠినమైన మాట ఒక్కటీ అనలేదు.

"సోమసుందరం గారూ, తమరు విద్యావంతులు. ఒక పరిశీలకుణ్ణి విధుల నుండి తొలగించవలెనన్న ఏమి జరగవలెను? ఆరోపణ ఉండవలెను. సంజాయిషీ కోరవలెను. విచారణ జరగవలెను. ఆయనకు తన వాదన వినిపించుకొనే అవకాశం ఈయవలెను. తమరు ఏమి చేసినారు? స్పానరుతో తొలగించినారు."

"అది పాడైపోయిందండి."

"అది కాదు, ఆయన. పాడైనట్లు ఎవరు నిర్ధారించినారు?"

"పొగ వస్తోంది కదండీ."

"పొగ వచ్చినది అనుట తమ అభిప్రాయం. ప్రాణవాయువు సమృద్ధిగా ఉన్నదనుట పరిశీలకుని నివేదిక. అభిప్రాయానికీ నివేదికకూ భేదం వచ్చినప్పుడు శాఖ దేనిని పరిగణించవలెనో తర్కశాస్త్రం చెప్పే తమకు నేను చెప్పవలెనా?"

నేను రాత్రింబగళ్లు చదివే గ్రంథాలు కూడా ఈ ప్రశ్న దగ్గరే ఆగుతాయి. మనకు తెలిసేది వస్తువా, వస్తువు గురించి వచ్చిన కబురా? వాటిలో ఈ ప్రశ్నకు అనేక సమాధానాలున్నాయి. త్రివిక్రమరావు గారి దగ్గర ఒక్కటే ఉంది.

విచారణ ముగిసేవరకు పాత పరిశీలకుణ్ణి అదే స్థానంలో పునర్నియమించాలని ఉత్తర్వు వేశారు. ఈలోగా కారు అమ్మకూడదు. నమోదైన చోటు నుంచి కదిలించి మరోచోట ఉంచకూడదు. అది పరిశీలకుని ప్రధాన కేంద్రం. ఇంజను నడవకపోతే ఆయన విధులకు హాజరు కాలేడు గనుక ఉదయమూ సాయంత్రమూ నడపాలి. నడపకపోతే ప్రభుత్వ పరిశీలకుణ్ణి అడ్డగించిన నేరం కింద జైలు.

"మా ఆవిడకి ఉబ్బసం అండి. ఆ పొగ నేరుగా ఆవిడ గదిలోకే వెళ్తుంది."

త్రివిక్రమరావు గారు నిజంగానే బాధపడ్డారు. "ఆమె ఆరోగ్యం కొరకే కదా ఈ శాఖ ఏర్పడినది," అన్నారు.

పాత పరిశీలకుణ్ణి నా చేతులతోనే తిరిగి బిగించాను. ఇద్దరు ఉద్యోగులు వచ్చి దగ్గరుండి చూశారు. నేను కొనను తాకబోతే ఒకాయన "మర్యాద" అని హెచ్చరించాడు. ఇంజను వేశాను. నారింజరంగు దీపం వెలిగింది. పొగ మెల్లగా లేచి, దారి మరచిపోని మనిషిలా మా కిటికీ వైపు నడిచింది.

ఇందుమతి కిటికీ మూసింది. తరువాత కిటికీ సందుల్లో పాత చీరలు కుక్కింది. అయినా ఉదయం హాజరు పూర్తయ్యేసరికి ఆమె మంచం మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ఒక్కొక్క ఊపిరినీ బావిలోంచి నీళ్లు తోడినట్టు తోడుకునేది. నేను వీపు నిమిరేవాణ్ణి. డాక్టరు గారు చూసి, మందుల మోతాదు పెంచి, "ఇలాగే ఉంటే వానాకాలం గట్టెక్కడం కష్టం. ఇల్లు మార్చండి," అన్నారు. పరిశీలకుణ్ణి వదిలి మేము కదలకూడదట. అదీ అడిగి తెలుసుకున్నాను.

విచారణ మొదలైంది. నేను రాసిచ్చిన ఆరోపణ పత్రాన్ని కారు అద్దానికి అంటించి వెళ్లారు. పరిశీలకుడు జవాబివ్వలేదు. ఆయన మౌనాన్ని ఆరోపణల నిరాకరణగా నమోదు చేసుకున్నారు. ఆయన తరఫున మాట్లాడటానికి ఒక సహాయకుణ్ణి నియమించాలన్నారు. రిటైరైన ఉద్యోగులెవరైనా ముందుకు రావచ్చన్నారు. పేర్రాజు గారు ముందుకు వచ్చారు.

"ఏవీ అనుకోకండి సోమసుందరం గారూ," అన్నారు నాతో మెట్ల మీద. "స్నేహం స్నేహవే, సర్వీసు సర్వీసే. సాటి ఉద్యోగికి అన్యాయం జరుగుతుంటే చూస్తూ ఊరుకోలేనండి."

"అది సెన్సర్ అండి."

"మా ఆఫీసులో దానికంటే తక్కువ మాట్లాడే వాళ్లున్నారండి. వాళ్లనీ కాపాడాను."

విచారణలో పేర్రాజు గారు చెలరేగిపోయారు. కొత్త సెన్సర్ పెట్టాక పొగ లేదని వ్యానులో పొగ కొలిచే యంత్రం ఇచ్చిన లెక్కను నేను సాక్ష్యంగా చూపగా, ఆయన లేచి నిలబడ్డారు.

"అయ్యా, ఆ యంత్రం ఎప్పుడు విధుల్లో చేరిందండి? నిరుడు. మా వాడు? కారు పుట్టినప్పుడే చేరాడు. సీనియర్ మీద జూనియర్ చేత సాక్ష్యం చెప్పిస్తారా? ఏ శాఖలోనైనా ఉందాండీ ఈ పద్ధతి?"

త్రివిక్రమరావు గారు చాలాసేపు ఆలోచించి, ఆ లెక్కను పక్కన పెట్టారు.

అప్పుడు ఇందుమతి లేచింది. నేను పిలవలేదు, తనే వచ్చింది. ఆఫీసు మూడో అంతస్తు ఎక్కిన ఆయాసం ఇంకా తీరలేదు.

"నేను చెబుతానండి. ఆ పొగ పీల్చేది నేను. మీ యంత్రం వద్దు, మీ సీనియరు పరిశీలకుడూ వద్దు. నా ఊపిరి సంగతి నాకు తెలీదా?"

"తప్పక తెలియునమ్మా," అన్నారు త్రివిక్రమరావు గారు. "తమ ఊపిరితిత్తులను ఏ సంస్థ అయినా పరీక్షించి, వాటి కొలత సరియైనదని ధ్రువీకరించినదా?"

"డాక్టరు గారు చూశారండి."

"చూచి ఏమన్నారు?"

"పాడైపోయాయన్నారు."

త్రివిక్రమరావు గారు చేతులు చాచారు. "పాడైన పరికరము యొక్క నివేదికను శాఖ ఎట్లు స్వీకరించునమ్మా?"

ఇందుమతి కూర్చుండిపోయింది. ఆ క్షణంలో ఆయన తర్కంలో తప్పు ఎక్కడుందో నేను వెతికాను. నాకు చేతనైన పని అదొక్కటే. తప్పు దొరికేలోగా విచారణ వాయిదా పడింది.

తిరిగి వస్తుంటే ఆటోలో పేర్రాజు గారూ మాతోనే ఉన్నారు. ఇందుమతి దగ్గు ఆగలేదు. దారి పొడవునా ఆయన ఆ దగ్గు వింటూ, పంచె అంచు నలుపుకుంటూ కూర్చున్నారు. ఇంటి ముందు దిగాక ఆయనే అన్నారు.

"చెల్లెమ్మా, ఒక మాట చెప్పనా? మీ ఆయన తప్పుదారిలో వెళ్తున్నారు. వాడు పనికిరాడని నిరూపిస్తే వాడు పోడు. పనికిరానివాణ్ణి పంపించిన శాఖ ఎక్కడైనా ఉందా? మా ఆఫీసులో ఒక మహానుభావుడు ఉండేవాడమ్మా. ఏ బిల్లు పెట్టినా చింపేసేవాడు. ఫిర్యాదులు చేసి చేసి అలిసిపోయాం. ఆఖరికి అందరం కలిసి ఆయన్ని ఆకాశానికెత్తేశాం. అంతటివాడు లేడని పై నుంచి కింద దాకా రాశాం. ప్రమోషనిచ్చి రాజధానికి తీసుకుపోయారు. పీడా వదిలింది."

"మిమ్మల్ని కూడా అలాగే పంపించారా, అన్నయ్యగారూ?" అంది ఇందుమతి, దగ్గు మధ్యలో.

"ఆయ్, నన్ను పొగిడేవాడు దొరక్కే కదమ్మా అక్కడే రిటైరయ్యాను!"

ఆమె నవ్వింది. చాలా రోజులకు విన్నాను. నవ్వు మళ్లీ దగ్గయింది.

మరుసటి విచారణలో, ఆరోపణలు ఉపసంహరించుకుంటున్నానని చెప్పాను. అంతేకాదు, పరిశీలకుని సేవలు మా ఒక్క కారుకు పరిమితం కావడం అన్యాయమని కూడా అన్నాను. త్రివిక్రమరావు గారి ముఖం వికసించింది. ఊరి నడిబొడ్డున, కార్యాలయం ఎదుటి కూడలిలో, ఊరి గాలి ఎలా ఉందో అందరికీ తెలిసేలా వెలిగే పెద్ద బోర్డు ఒకటి పెట్టారట. దానికి నియమించిన పరిశీలకులందరూ ఏదో ఒక లోపం చెబుతూనే ఉన్నారట. పైవారికి అది రుచించడం లేదు.

"ఎల్లవేళలా ప్రాణవాయువు సమృద్ధిగా ఉన్నదని నిస్సంకోచంగా చెప్పగల పరిశీలకుడు మాకు అవసరమైయున్నాడు," అన్నారు. "యజమాని చేత ప్రవర్తనా ధ్రువీకరణ ఒక్కటి కావలెను."

నేను చెప్పాను: "ఈ పరిశీలకుడు ఒకసారి చెప్పిన మాటను ఎన్నడూ మార్చలేదు." దానికోసం ముందురోజంతా ఆలోచించాను. అందులో అబద్ధమేమీ లేదు.

"చాలదు," అన్నారు త్రివిక్రమరావు గారు. "'సత్యసంధుడు' అని ఉండవలెను."

కిటికీ పక్కన కుర్చీలో ఇందుమతి ఊపిరి వినిపిస్తోంది. లోపలికి వెళ్లేటప్పుడు సన్నగా ఈల వేసినట్టు, బయటకు వచ్చేటప్పుడు గీసుకుపోయినట్టు. సత్యం గురించి నేను పిల్లలకు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పాను. దానికి అంచులెక్కడో, అది ఎవరిది, ఎవరి కోసం ఉంటుంది అని పరీక్షల్లో ప్రశ్నలిచ్చాను. ఆ ఊపిరి వింటూ కూర్చుంటే ఒక్క జవాబూ గుర్తు రాలేదు.

"సత్యసంధుడు," అన్నాను.

అనడం కష్టంగా లేదు. అదే నాకు ఇప్పటికీ అంతుపట్టని విషయం.

పరిశీలకుల వారికి సన్మానం జరిగింది. కూడలిలో షామియానా వేశారు. పరిశీలకుణ్ణి ఎర్రటి పట్టుదిండు మీద ఉంచి, శాలువా కప్పారు. శాలువా కింద ఆయన ఎక్కడున్నారో కనిపించక రెండుసార్లు వెతుక్కోవలసి వచ్చింది. పేర్రాజు గారు వీడ్కోలు పలుకుతూ నిజంగానే కంటతడి పెట్టుకున్నారు. పరిశీలకుని సేవలందుకున్న కుటుంబం తరఫున రెండు మాటలు చెప్పమని ఇందుమతిని మైకు ముందుకు పిలిచారు. కూడలి దుమ్ము ఒకపక్క, వాహనాల పొగ ఒకపక్క. నోరు తెరవగానే దగ్గు తెర వచ్చింది. అది ఎంతకీ ఆగలేదు.

"ఆనందంతో ఆమె గొంతు పూడుకుపోయినది," అని త్రివిక్రమరావు గారు మైకు అందుకున్నారు. జనం చప్పట్లు కొట్టారు. బోర్డు మీద పచ్చటి అక్షరాలు వెలిగాయి: ప్రాణవాయువు సమృద్ధి.

మా కారులో కొత్త సెన్సర్‌కు నియామకం దొరికింది. ఇందుమతి కిటికీ సందుల్లోని చీరలు తీసి ఉతికి ఆరేసింది. మందుల మోతాదు తగ్గింది. ఒకరోజు మెట్లెక్కి వచ్చి, మధ్యలో ఆగలేదని నాకు చెప్పింది. నేను పుస్తకాల వైపు తిరిగాను. వాటిలో ఒక్క మాట మాత్రం కొంతకాలం చదవలేకపోయాను.

ఊరి గాలి అంత బాగుందని రుజువయ్యాక దాన్ని వృథాగా ఉంచడం భావ్యం కాదని పైవారికి తోచింది. మాది ఓడరేవున్న ఊరు. బొగ్గు లారీలను ఇన్నాళ్లూ ఊరి బయటే ఆపేవారు. ఆ నిషేధానికి ఇక ఆధారం లేదు కనుక ఎత్తేశారు. లారీలకు ఒక స్థలం చూపించారు. అది మా వీధి వెనుక ఖాళీ స్థలం. డ్రైవర్లు ఇంజన్లు ఆపకుండానే టీ తాగేవారు. వాళ్లనీ తప్పుపట్టలేం, ఆపాలన్న నిబంధన ఏదీ లేదు. పదిరోజులు తిరక్కుండా ఇందుమతి మళ్లీ మంచం మీద కూర్చుని మోకాళ్ల మీద చేతులు ఆనించింది. ఈసారి వీధిలో సగం ఇళ్ల నుంచి దగ్గు వినిపించేది. పేర్రాజు గారిది అందరికంటే గట్టిగా ఉండేది.

ముగ్గురమూ పెద్దాఫీసుకు వెళ్లాం. త్రివిక్రమరావు గారు ఫ్యాను వేగం పెంచారు.

"లారీల వలన పొగ వచ్చుచున్నదని తమరు అంటున్నారు. పరిశీలకులు లేదంటున్నారు. ఆయన మాటను శంకించవలెనన్న, ఆయన సత్యసంధుడని ధ్రువీకరించిన వ్యక్తి ముందు తన మాటను వెనుకకు తీసుకొనవలెను." ఆయన నా వైపు చూడలేదు, అంతటి మర్యాదస్తుడు. "అట్లు తీసుకొన్న యెడల పరిశీలకుని పదోన్నతి రద్దగును. ఆయన మాతృస్థానానికి తిరిగి వచ్చును."

"మాతృస్థానం అంటే?" అన్నాను.

"తమ కారు."

పేర్రాజు గారు కుర్చీలో కదిలారు. "చెల్లెమ్మా, తొందరపడకండి. లారీలైతే దూరాన ఉన్నాయి. వాడొస్తే మళ్లీ మీ కిటికీ కిందేనమ్మా."

నాకు మాట్లాడే హక్కు మిగిలిందో లేదో తెలియలేదు. ఇందుమతి చాలాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"రప్పించండి," అంది. "ఈయన మాట వెనక్కి తీసుకుంటారు. మా కిటికీ కిందే ఉండనివ్వండి. పొగ ఎక్కణ్ణుంచి వస్తోందో కనీసం నాకు తెలుస్తుంది. ఈ వీధి వాళ్లందరికీ అదీ తెలీకుండా పోయింది."

నేను తలూపాను. ఆ గదిలో నేను చేసిన పనుల్లో, సిగ్గుపడకుండా చేసినది అదే.

త్రివిక్రమరావు గారు ఆమెను గౌరవంతో చూశారు. కలం తీశారు, మళ్లీ పెట్టేశారు.

"తమ త్యాగనిరతి ప్రశంసనీయమమ్మా. అయితే పదోన్నతి పొందిన ఉద్యోగిని వెనుకకు పంపవలెనన్న ఆయన అంగీకారం కూడా అవసరం."

ఆయన లేచి కిటికీ దగ్గరకు వెళ్లారు. కూడలిలో పొగమంచులా ఏదో కమ్ముకుని ఉంది. అది మంచు పడే కాలం కాదు. దాని వెనుక పచ్చటి అక్షరాలు మసకగా కనిపిస్తున్నాయి. కళ్లు చిట్లించి, మెడ చాచి, కష్టం మీద వాటిని చదివి, ఆయన మా వైపు తిరిగారు.

"లేదమ్మా," అన్నారు విచారంగా. "ఇక్కడ ఆయన సంతోషంగానే ఉన్నారు."